జగజ్జెట్టి జెఫ్రీస్ – ఆరేండ్ల విరామం

కుస్తీ నేర్చినవారికీ, నేర్పినవారికీ తెలిసిన సత్యం ఒకటి ఉన్నది. సాధన మానిన వస్తాదు దేహం చాలాకాలం వరకు చూపరులకు పూర్వంవలెనే కనిపిస్తుంది. ఛాతీ తగ్గదు, భుజాలు కుంగవు, మీసం దిగదు. కాని గోదాలో దిగి ఎదుటివాని మెడపై చెయ్యి వేసిన తరువాత పట్టు ఒక్క క్షణం ఆలస్యంగా పడుతుంది. ఆ ఒక్క క్షణంలోనే జయాపజయాలు తేలిపోతాయి. మైసూరు దసరాలలో జెట్టీల వజ్రముష్టి పోరు గురించి విన్నవారు ఈ క్షణం విలువ ఎరుగుదురు. తలపై మొదటి నెత్తురుచుక్క కనబడగానే ఆ పోరు ముగిసిపోతుంది. పాశ్చాత్యుల ముష్టియుద్ధంలో, అనగా బాక్సింగులో, ఈ ఆలస్యానికి రింగు తుప్పు అని పేరు పెట్టారు. వాడని కత్తికి తుప్పు పట్టినట్లే, బరిలో దిగని యోధునికీ తుప్పు పడుతుందని వారి భావం.

ఈ తుప్పు చిన్న బరువులవారికీ, పెద్ద బరువులవారికీ కూడా పట్టేదే. అయితే హెవీవెయిట్ యోధుల విషయంలో ఇది మరింత ప్రమాదకరం. తక్కిన తరగతులవారు ఏ నాటికైనా తమ హద్దుకు లోబడి తక్కెడ ఎక్కవలసినవారే గనుక, ఆ భయంతోనైనా దేహాన్ని అదుపులో ఉంచుకొంటారు. హెవీవెయిట్‌కు పై హద్దు లేదు. కూర్చున్నవాడు ఎంత పెరిగినా అడిగేవారు లేరు. రెండవది, ఆ తరగతిలో దెబ్బ బలం వయస్సుతోపాటు తొందరగా పోదు. తన పిడికిలిలో వెనుకటి బలం ఉన్నదని తెలిసినవానికి, తక్కినవి కూడా ఉన్నాయనే భ్రమ కలుగుతుంది. ఇట్టి భ్రమకు లోబడి, దేశమంతా చూస్తూ ఉండగా కూలిపోయిన మహాయోధుడు జేమ్స్ జెఫ్రీస్. అతని జీవితాన్ని మేము ఇక్కడ సంగ్రహంగా చెప్పదలచుకొన్నాము. ఓడినవాని కథ పండుగ సంచికకు తగునా అని కొందరు అనుకోవచ్చును. గెలిచినవారి కథలలో దొరకని బుద్ధి ఓడినవాని కథలో దొరుకుతుందని మా విశ్వాసం.

బాయిలర్ల కర్మాగారం నుండి బరిలోకి

జెఫ్రీస్ 1875 ఏప్రిల్ 15న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కారల్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. అతని బాల్యంలోనే ఆ కుటుంబం కాలిఫోర్నియాకు తరలి లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడింది. చిన్ననాటనే బడి విడిచి, ఆవిరి బాయిలర్లు తయారుచేసే పనిలో చేరాడు. ఇనుప రేకులు వంచి, మేకులు దిగగొట్టే ఆ పని అతని భుజాలను, మణికట్లను బలిష్ఠం చేసింది. జీవితాంతం అతనికి బాయిలర్ల పనివాడనే బిరుదు నిలిచిపోయింది. ఎత్తు ఆరడుగుల పైచిలుకు; మంచి ప్రాయంలో బరువు సుమారు 220 పౌన్లు. ఇంతటి దేహంతో వేగంగా పరుగెత్తగలగటం అతనిని చూచినవారిని ఆశ్చర్యపరచేది.

1897లో నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీలో నాటి జగజ్జెట్టి జేమ్స్ కార్బెట్, బాబ్ ఫిట్జ్‌సిమన్స్‌తో పోరుకు సిద్ధపడుతూ, తన సాధనకు తోడుగా ఉండేందుకు ఈ యువకుణ్ణి కుదుర్చుకొన్నాడు. రోజూ కార్బెట్ చేతి దెబ్బలు తింటూ జెఫ్రీస్ విద్య నేర్చాడు. ఆ పందెంలో కార్బెట్ ఓడిపోగా, శిష్యుడు మాత్రం స్వతంత్రంగా బరిలో దిగి, ఒక్కొక్క మెట్టే ఎక్కనారంభించాడు. అనుభవజ్ఞుడైన టామీ రయన్ అతనికి ఒక ప్రత్యేక పద్ధతి నేర్పాడు. నడుము వంచి, తల దించి, ఎడమచేతిని ముందుకు చాచి నిలవటం ఆ పద్ధతి. అటువంటి కొండను వంగి నిలబెడితే కొట్టడానికి చోటు దొరకదు; దొరికినా అతడు చలించడు. దెబ్బ తిని ముందుకు రావటమే జెఫ్రీస్ విద్యలోని మర్మం. 1910 వరకు అతనిని నేలకూల్చినవాడు లేడంటే ఆ దేహదార్ఢ్యం ఎట్టిదో ఊహించవచ్చును.

పరుల తుప్పు – తన కీర్తి

అతని జీవితంలో మేము ప్రత్యేకంగా గమనించిన విశేషం ఒకటి ఉన్నది. జెఫ్రీస్ సాధించిన గొప్ప విజయాలలో అనేకం, చాలాకాలం బరికి దూరంగా ఉండి తిరిగివచ్చిన యోధులపై సాధించినవే.

1898 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో అతడు పీటర్ జాక్సన్‌ను మూడవ రౌండులోనే ఓడించాడు. జాక్సన్ నల్లజాతి వీరుడు, ఆస్ట్రేలియా ఛాంపియన్. 1891లో కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడి సరిసమానంగా నిలిచినవాడు. నాటి జగజ్జెట్టి జాన్ సలివన్, నల్లవారితో పోరాడనని అతనికి అవకాశం ఇవ్వలేదు. 1892 మే నెలలో లండనులో స్లావిన్‌ను ఓడించిన తరువాత జాక్సన్‌కు చెప్పుకోదగిన పందెం కుదరలేదు. నాటకాలలో వేషాలు వేసి పొట్టపోసుకొంటూ, ఆరోగ్యం చెడి, దాదాపు ఆరేండ్ల తరువాత జెఫ్రీస్ ముందు నిలిచాడు. అప్పటికి పీటర్ జాక్సన్ అనే పేరు మిగిలింది గాని పూర్వపు యోధుడు మిగలలేదు.

1899 జూన్ 9న కోనీ ఐలండ్‌లో జెఫ్రీస్ ఫిట్జ్‌సిమన్స్‌ను 11వ రౌండులో పడగొట్టి జగజ్జెట్టి అయినాడు. ఫిట్జ్‌సిమన్స్ 1897 మార్చిలో కార్బెట్‌ను గెలిచి బిరుదు సంపాదించిన తరువాత రెండేండ్లకు పైగా దానిని పణంగా పెట్టలేదు. అప్పటికి అతని వయస్సు 36. జెఫ్రీస్ వయస్సు 24. బరువులో సుమారు 40 పౌన్ల తేడా.

ఆ తరువాత 1900 మే నెలలో తన పాత గురువు కార్బెట్‌తో పందెం. కార్బెట్ ఏడాదిన్నరగా పోరాడలేదు. అయినను ఆ రాత్రి అతడు చూపిన విద్య అద్భుతం. 22 రౌండ్లపాటు జెఫ్రీస్ చేతికి అందకుండా తిరిగి, గెలుపుకు చేరువగా వచ్చి, 23వ రౌండులో ఒక్క దెబ్బకు కూలిపోయాడు. విరామం ఎల్లవేళలా ఒకే విధంగా పనిచేయదనడానికి ఇది నిదర్శనం. పాదాల విద్య, కంటి విద్య గలవాడు తుప్పును కొంతసేపు కప్పిపుచ్చుకోగలడు. కాని దీర్ఘమైన పోరులో అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

1902 జూలైలో ఫిట్జ్‌సిమన్స్‌తో తిరిగి పందెం జరిగింది. ఈ మారు కూడా ఫిట్జ్‌సిమన్స్ సుమారు రెండేండ్ల విరామం తరువాత వచ్చినవాడే. జెఫ్రీస్ ముఖాన్ని చీల్చి నెత్తురు ముద్ద చేసినా, ఎనిమిదవ రౌండులో ఓడిపోక తప్పలేదు. 1903 ఆగస్టులో కార్బెట్ రెండవమారు వచ్చాడు. అతనికి మూడేండ్ల విరామం. వయస్సు 37కు చేరువ. ఈసారి పది రౌండ్లతో ముగిసింది.

ఈ విరామాలకు కారణం కేవలం సోమరితనం కాదు. న్యూయార్కులో పందేలకు అనుమతినిచ్చిన హార్టన్ చట్టం 1900లో రద్దయింది. పోరాడటానికి చోట్లు తగ్గిపోయినవి. ఇక జగజ్జెట్టి అనే పేరుంటే నాటకశాలలలో కనిపించి తేలికగా ధనం గడించవచ్చును. ఏడాదికి ఒక పందెం చాలుననే అలవాటు ఆనాటి హెవీవెయిట్‌లలో పాతుకొనిపోయింది. జెఫ్రీస్ కూడా నాటకాలలో నటించాడు.

కాని జెఫ్రీస్ కీర్తి యావత్తు పరుల తుప్పు మీదనే కట్టినదని చెప్పటం న్యాయం కాదు. 1899 నవంబరులో టామ్ షార్కీతో అతడు 25 రౌండ్లు పోరాడి గెలిచాడు. చలనచిత్రం తీయటానికి నెత్తిమీద వెలిగించిన దీపాల వేడిలో, ఎడతెగకుండా సాగిన ఆ పోరులో షార్కీ పక్కటెముకలు విరిగినవి. షార్కీ విరామం ఎరుగని యోధుడు. అతనిని గెలిచినవాడు సామాన్యుడు కాడు.

మూసిన తలుపు

జెఫ్రీస్ జగజ్జెట్టి అయిన తరువాత ఒక్క నల్లజాతి యోధునికైనా బిరుదు పందెంలో అవకాశం ఇవ్వలేదు. బిరుదు రాకముందు అతడు పీటర్ జాక్సన్‌తోనూ, బాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తోనూ పోరాడినవాడే. బిరుదు వచ్చిన తరువాత మాత్రం సలివన్ గీచిన గీతనే తానూ గీచుకొన్నాడు. ఆ కాలపు అమెరికాలో అధికసంఖ్యాకులు దీనిని తప్పుగా ఎంచలేదు, పైగా మెచ్చుకొన్నారు.

ఆ మూసిన తలుపు వెలుపల నిలిచినవారిలో ముఖ్యుడు జాక్ జాన్సన్. ఇతడు 1878లో టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవుపట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలుగా జీవించినవారు. 1902లో లాస్ ఏంజెలెస్‌లో ఇతడు జెఫ్రీస్ తమ్ముడు జాక్ జెఫ్రీస్‌ను ఐదవ రౌండులో ఓడించాడు. 1903 ఫిబ్రవరిలో నల్లజాతివారి హెవీవెయిట్ బిరుదు గెలుచుకొన్నాడు. అన్నతో పోరాడటానికి సిద్ధమని బహిరంగంగా కోరాడు. జెఫ్రీస్ నిరాకరించాడు.

1904 ఆగస్టు 26న జెఫ్రీస్ జాక్ మన్రో అనే గనిపనివానిని రెండవ రౌండులో చిత్తుచేశాడు. ఆ పందెం పోరు అనిపించుకొనేది కాదు. ఇక తనతో పోరాడదగినవారు లేరన్న కారణంతో 1905లో, అపజయం ఎరుగని జగజ్జెట్టిగా విరమించుకొన్నాడు. పోరాడదగినవారు లేరన్న మాటలో ఒక మాట దాగి ఉన్నది: తెల్లవారిలో. జాన్సన్ ఉన్నాడు, సామ్ మెక్‌వే ఉన్నాడు. వారితో పోరాడి ఉంటే 30 ఏండ్ల ప్రాయంలో విరమించవలసిన అవసరమే లేకపోయి ఉండును. కావున జెఫ్రీస్‌కు వచ్చిన విరామం గాయం వల్ల గాని, యుద్ధం వల్ల గాని, చట్టం వల్ల గాని వచ్చినది కాదు. అతడు మూసుకొన్న తలుపే అతనిని లోపల కూర్చోబెట్టింది. ఈ సంగతి గ్రహించనివారికి తరువాతి కథ అర్థం కాదు.

1905 జూలైలో రీనో పట్టణంలో, తాను వదలిన బిరుదుకు మార్విన్ హార్ట్, జాక్ రూట్ పోటీపడగా జెఫ్రీస్ రిఫరీగా నిలిచి, గెలిచిన హార్ట్‌ను వారసుణ్ణి చేశాడు. అదే పట్టణానికి ఐదేండ్ల తరువాత తాను ఏ స్థితిలో తిరిగి రానున్నదీ ఆనాడు అతనికి తెలియదు.

బర్‌బాంక్ పొలం

లాస్ ఏంజెలెస్‌కు సమీపంలోని బర్‌బాంక్ వద్ద జెఫ్రీస్ భూమి కొని, పశువుల మేతకు అల్ఫాల్ఫా గడ్డి పండిస్తూ, సుఖంగా కాలం గడిపాడు. బరువు 300 పౌన్లు దాటింది. అదేమీ నేరం కాదు. చేసిన పని ముగించి, సంపాదించిన దానితో ఇంటిపట్టున ఉండదలచిన మనిషికి ఆ హక్కు ఉన్నది. అతనిని అట్లే ఉండనిచ్చినట్లయితే ఎంత బాగుండేది!

కాని 1908 డిసెంబరు 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జాన్సన్ చిరకాల వాంఛ నెరవేరింది. అప్పటి జగజ్జెట్టి టామీ బర్న్స్‌ను 14 రౌండ్లపాటు చావగొట్టగా, పోలీసులు కలుగజేసుకొని పోరు ఆపవలసి వచ్చింది. తొలిసారిగా ఒక నల్లజాతివాడు ప్రపంచ హెవీవెయిట్ బిరుదు అందుకొన్నాడు. ఆ పోరు చూచిన ప్రసిద్ధ నవలాకారుడు జాక్ లండన్, జెఫ్రీస్ పొలం విడిచి వచ్చి తెల్లజాతి పరువు నిలపాలని పత్రికలో వ్రాశాడు. అది మొదలు ఊరూరా అదే కోరిక. జాబులు, తంతులు, పత్రికల విజ్ఞప్తులు అతనిని చుట్టుముట్టినవి. అడిగినవారిలో ఒక్కరికీ బరిలో నిలవవలసిన అగత్యం లేదు. దెబ్బ తినవలసిన పని లేదు.

తొలుత ఇష్టపడని జెఫ్రీస్ చివరకు లోబడ్డాడు. 1909లో బొహీమియాలోని కార్ల్స్‌బాడ్ వేడినీటి ఊటల వద్ద కొంతకాలం చికిత్స పొందాడు. ఆ ఏడాది చివర టెక్స్ రిక్కార్డ్ అనే వ్యాపారి 1,01,000 డాలర్ల బహుమానం ప్రకటించి పందెం ఖాయం చేశాడు. ఆ రోజులలో అది కనీవినీ ఎరుగని మొత్తం.

తగ్గిన బరువు – తిరిగిరాని గడియారం

జెఫ్రీస్ దీక్షను తక్కువగా చెప్పరాదు. సుమారు 100 పౌన్ల బరువు తగ్గించాడు. శాంతాక్రూజ్ కొండలలో శిబిరం వేసుకొని మైళ్ళకొద్దీ పరుగెత్తాడు. ప్రఖ్యాత కుస్తీయోధుడు ఫార్మర్ బర్న్స్ అతని దేహసాధన చూచాడు. పాత ప్రత్యర్థి కార్బెట్ సలహాదారుగా చేరాడు. పందెం నాటికి బరువు 227 పౌన్లు; ఛాయాచిత్రాలలో చూస్తే వెనుకటి జెఫ్రీసే. దేశం యావత్తు ఆ చిత్రాలు చూచి సంబరపడింది.

ఇక్కడనే తుప్పు స్వభావం ఎట్టిదో చెప్పుకోవలసి ఉన్నది. మనిషి సాధన మానిన కొన్ని వారాలలోనే గుండె, ఊపిరితిత్తుల ఓర్పు తగ్గనారంభిస్తుంది. కండబలం అంతకన్న ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ రెండూ సాధనతో చాలా భాగం తిరిగి సంపాదించుకోవచ్చును. అట్లు తేలికగా తిరిగి రానివి మరికొన్ని ఉన్నవి. ఎదుటివాడు ఎంత దూరంలో ఉంటే తన పిడికిలి తగులుతుందో కంటికి తెలియటం ఒకటి. అతని భుజం కదలగానే ఏ దెబ్బ వస్తున్నదో గ్రహించి, ఆలోచనకు చోటివ్వకుండా తల తప్పించటం రెండవది. దెబ్బ తిన్న తరువాత కూడా మనస్సు చెదరకుండా తిరిగి కొట్టటం మూడవది. ఇవి చెట్లమధ్య పరుగెత్తితే రావు. ఇసుకసంచిని గుద్దితే రావు. నిజంగా ఓడించదలచి వచ్చినవానితో, జనం మధ్య, ఫలితం తేలవలసిన పోరులోనే అవి పదును తేలుతవి.

జెఫ్రీస్ సరిగా ఆ పనే చేయలేదు. జాన్సన్‌కు ముందు ఒక్క చిన్న పందెమైనా ఆడలేదు. శిబిరంలో సైతం తోడివారితో గట్టిగా తలపడటం కన్న పరుగులకు, చేపల వేటకు మొగ్గుచూపుతున్నాడని పత్రికలవారు వ్రాస్తూ వచ్చారు. దీనికి తోడు, ఆరేండ్లు పోరాడని 35 ఏండ్ల దేహం నుండి కొద్దికాలంలో 100 పౌన్లు తగ్గించటమే ఒక భారం. బరువు తగ్గించటం, యోధుణ్ణి తయారుచేయటం ఒకటే అని అతనూ నమ్మాడు, చుట్టూ ఉన్నవారూ నమ్మారు.

మరి జాన్సన్? బిరుదు వచ్చిన మరుసటి ఏడే, 1909లో, అతడు పలుమార్లు బరిలో దిగాడు. అక్టోబరులో స్టాన్లీ కెచెల్‌ను 12వ రౌండులో పడగొట్టాడు. ఒకరికి కన్ను, కాలు, చెయ్యి ఏకకాలంలో నడుస్తున్నవి. మరొకరి గడియారం 1904 ఆగస్టులో ఆగిపోయింది.

రీనోలో ఒక మధ్యాహ్నం

పందెం శాన్ ఫ్రాన్సిస్కోలో జరగవలసినది. కాలిఫోర్నియా గవర్నరు జిల్లెట్ జూన్‌లో దానిని నిషేధించగా, రిక్కార్డ్ హుటాహుటిగా నెవాడా రాష్ట్రంలోని రీనోకు మార్చి, కొద్దిరోజులలోనే కలపతో పెద్ద ప్రేక్షకశాల కట్టించాడు. 1910 జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. మండే ఎండలో సుమారు 20,000 మంది చేరారు. పోరు 45 రౌండ్లకు నిర్ణయమైంది, రిక్కార్డే రిఫరీ.

మొదటి కొద్ది రౌండ్లలోనే తెలిసినవారికి సంగతి అర్థమైపోయింది. జెఫ్రీస్ వెనుకటివలెనే వంగి ముందుకు వచ్చాడు. కాని అతని ఎడమచెయ్యి జాన్సన్ ముఖం ఉన్నచోటికి గాక, ముఖం అంతకుముందు ఉన్నచోటికి చేరుతున్నది. జాన్సన్ చిరునవ్వుతో దెబ్బలు పట్టుకొంటూ, దగ్గరకు వచ్చినప్పుడు గడ్డం కింద నుండి కొడుతూ, ప్రేక్షకులతోనూ, బరిపక్కన నిలిచి తనను ఎగతాళి చేస్తున్న కార్బెట్‌తోనూ సంభాషిస్తూ కాలం గడిపాడు. జెఫ్రీస్ కన్ను వాచి మూసుకొనిపోయింది. నోట నెత్తురు కారింది. అయినను అతడు వెనుకకు తగ్గలేదు. ఆ ధైర్యానికి తుప్పు పట్టలేదని ఒప్పుకొని తీరవలెను.

15వ రౌండులో జెఫ్రీస్ తన జీవితంలో మొదటిసారిగా నేలకూలాడు. లేచాడు, మళ్ళీ పడ్డాడు. మూడవమారు పడినప్పుడు అతని పక్షంవారు బరిలోకి రాగా పోరు ముగిసింది. లెక్క పూర్తిగా వినిపించి, తమ వీరుడు స్పృహతప్పి ఓడాడన్న మాట రానివ్వరాదని వారి తాపత్రయం. అంతటి జనసమూహం మౌనంగా ఇండ్లదారి పట్టింది.

రీనోలో మౌనంగా ముగిసినది ఇతర పట్టణాలలో అట్లు ముగియలేదు. తంతి వార్త అందిన రాత్రే దేశంలో అనేకచోట్ల దౌర్జన్యాలు చెలరేగినవి. జాన్సన్ గెలుపుకు సంతోషించిన నల్లవారిని తెల్లవారి గుంపులు వెంటాడి కొట్టినవి. పదిమందికి పైగా మరణించారు. వారిలో అధికులు నల్లవారు. పందెపు చలనచిత్రాన్ని అనేక నగరాలు నిషేధించినవి. 1912లో అమెరికా శాసనసభ బాక్సింగు చిత్రాలను ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తీసుకొనిపోరాదని చట్టమే చేసింది. కాలం మారి, 2005లో అదే చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర భాండారంలో భద్రపరచదగినదిగా ఎన్నుకొన్నారు.

ఎవరు ఓడించారు?

పోరు ముగిసిన మరునాటి నుండే సాకులు పుట్టినవి. జెఫ్రీస్‌కు మందు పెట్టారన్నారు కొందరు. దానికి ఆధారం కనబడలేదు. ఆరేండ్ల విరామమే ఓడించింది గాని జాన్సన్ కాదన్నారు మరికొందరు. ఈ రెండవ మాట నేటికీ అక్కడక్కడ వినబడుతూ ఉంటుంది గనుక దానిని గురించి మేము స్పష్టంగా చెప్పదలచుకొన్నాము. తుప్పు నిజమే. 1910నాటి జెఫ్రీస్ 1903నాటి జెఫ్రీస్ కాడు. కాని ఆ తుప్పును సాకుగా చూపి జాన్సన్ విద్యను తగ్గించటం న్యాయం కాదు. 1903లో జాన్సన్ అడిగాడు, జెఫ్రీస్ కాదన్నాడు. పరీక్షకు తగిన దినం వదులుకొన్నవారు, తరువాత ఆ దినం తమది కాదని వాదించరాదు. ఇదే న్యాయం పీటర్ జాక్సన్ పక్షాన కూడా అడగవచ్చును గదా. జాక్సన్ తుప్పుపట్టి ఓడినప్పుడు అతని తరఫున సాకులు వెతకటానికి దేశం కదలలేదు. అతనిని జెఫ్రీస్ గెలిచినది దాదాపు ఆరేండ్ల విరామం తరువాత. జెఫ్రీస్‌ను జాన్సన్ గెలిచినదీ దాదాపు ఆరేండ్ల విరామం తరువాతనే. విధి తక్కెడ సరిగానే తూచినది.

తన ఉత్తమ దినాలలో కూడా జాన్సన్‌ను తాను గెలిచి ఉండేవాణ్ణి కానని జెఫ్రీస్ అంగీకరించినట్లు ప్రసిద్ధి. ఈ అంగీకారం అతని అన్ని విజయాలకన్న పెద్దదని మా అభిప్రాయం.

తరువాతి తరాలు ఈ పాఠాన్ని కొంత నేర్చుకొన్నవి, కొంత మరచినవి. జాక్ డెంప్సీ 1923 నుండి మూడేండ్లు బిరుదు పందెం లేకుండా గడిపి, 1926లో జీన్ టన్నీ చేతిలో ఓడాడు. జో లూయీ 1949లో విరమించి, 1950లో నేరుగా నాటి జగజ్జెట్టి ఎజర్డ్ చార్లెస్ మీదికే వచ్చి, 15 రౌండ్లలో ఓడిపోయాడు. మహమ్మదాలీ సైన్యంలో చేరనన్నందుకు 1967 నుండి మూడున్నర ఏండ్లు బరికి దూరమై, రెండు పందేలు మాత్రమే ఆడి 1971లో ఫ్రేజియర్‌ను ఎదుర్కొని ఓడాడు. పోరాడుతూ పోయి 1974లో బిరుదు తిరిగి గెలిచాడు. అందరికన్న తెలివిగా నడచినవాడు జార్జి ఫోర్‌మన్. పదేండ్ల విరామం తరువాత 1987లో తిరిగివచ్చి, సామాన్యులతో మొదలుపెట్టి వరుసగా 24 పందేలు గెలిచి, ఆ తరువాతనే 1991లో బిరుదు పందెానికి దిగాడు. ఆ పందెం ఓడినా, 1994లో 45 ఏండ్ల వయస్సులో మైకేల్ మూరర్‌ను పడగొట్టి జగజ్జెట్టి అయినాడు. దీనికి అపవాదం కూడా ఉన్నది: విటాలీ క్లిచ్‌కో దాదాపు నాలుగేండ్ల తరువాత 2008లో తిరిగివచ్చి, తొలి పందెంలోనే బిరుదు గెలిచాడు. అట్టివారు అరుదు. అరుదైన దానిని నమ్ముకొని బరిలో దిగటం వివేకం కాదు.

చివరి దినాలు

రీనో తరువాత జెఫ్రీస్ మరి బిరుదు కోసం పోరాడలేదు. తిరిగి బర్‌బాంక్ పొలానికే చేరాడు. తరువాతి కాలంలో ప్రదర్శనశాలలలో తన పాత ప్రత్యర్థి షార్కీతో కలిసి వెనుకటి పోరును నటించి చూపేవాడు. అనంతరం పొలంలోని పెద్ద కొట్టాన్ని బాక్సింగుశాలగా మార్చాడు. జెఫ్రీస్ కొట్టమనే పేరుతో అది దక్షిణ కాలిఫోర్నియా యావత్తు ప్రసిద్ధికెక్కింది. అక్కడ కుర్రవాళ్ళు వారం వారం పందేలు ఆడేవారు. గెలిచినవాడు వచ్చే వారం మళ్ళీ దిగేవాడు, ఓడినవాడూ దిగేవాడు. ఎవరి పిడికిలికీ తుప్పు పట్టే వ్యవధి లేదు. వృద్ధుడైన జగజ్జెట్టి బరిపక్కన కూర్చుండి వారిని చూచేవాడు.

1953 మార్చి 3న, 77 ఏండ్ల వయస్సులో, జెఫ్రీస్ బర్‌బాంక్‌లోనే గుండెపోటుతో మరణించాడు. జాన్సన్ అంతకు ఏడేండ్ల ముందే, 1946లో, మోటారు ప్రమాదంలో కన్నుమూశాడు. కొట్టాన్ని తరువాత అక్కడి నుండి తరలించి బ్యూనా పార్కులోని వినోదోద్యానంలో నిలిపారు.

జెఫ్రీస్ జీవితంలో ఓటమి ఒక్కటే. ఆ ఒక్కటీ పిలిచిన రోజున వెళ్ళక, పిలవరాని రోజున వెళ్ళినందువల్ల వచ్చింది. విద్య ఏదైనను, అది చేతిలో ఉన్న దినాలలో తగినవానితో తలపడి తేల్చుకోవలెను. ఆ దినం దాటిన తరువాత పరుల పొగడ్తకు లొంగి దిగవలసివస్తే, ముందుగా చిన్న బరిలో దిగి తన కంటిని, చేతిని పరీక్షించుకోవలెను. ఈ రెండు మాటలూ బాయిలర్ల పనివాడు తన దేహంతో వ్రాసి పెట్టిపోయినాడు.